పనిచేసిందని చెప్పలేదు

2007 వేసవి. నరసరావుపేటలో బస్టాండు దాటి కాస్త ముందుకెళ్తే ఒక నెట్ సెంటర్ ఉండేది. ప్లైవుడ్ చెక్కలు అడ్డం కట్టిన ఎనిమిది గూళ్ళు, గంటకి 20 రూపాయలు. కరెంటు పోతే బ్యాటరీ మీద పదిహేను నిమిషాలు నడిచేది. ఆ పదిహేను నిమిషాల్లో ఎవడి పని వాడు సర్దుకోవాలి. అక్కడ, గోడ పక్క గూట్లో కూర్చుని నేనొక వెబ్‌సైటు కట్టాను.

కోటప్పకొండ తిరునాళ్ళ గురించి వినే ఉంటారు. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు ప్రభలు కట్టుకుని కొండకి తీసుకెళ్తారు. పెద్ద ప్రభంటే చాలా ఎత్తుంటుంది. వెదుళ్ళు, గుడ్డ, రంగు కాగితాలు, వందల బల్బులు, నాలుగు వైపులా మోకులు పట్టుకునే మనుషులు. మా ఊరి ప్రభ ఎలా కడతారో, ఎవరు ఏ పని చూస్తారో, పూర్వం ఎడ్లతో లాగినప్పుడు ఏం జరిగేదో మా తాతయ్య చెబుతుంటే విని, మర్నాడు పేట వెళ్ళి టైపు చేసేవాణ్ణి. అదీ నా సైటు. చదివేవాళ్ళు పట్టుమని పది మంది కూడా లేరు. అయినా మా ఊరు కంప్యూటర్లో ఉందన్న సంబరం వేరు.

ఆ మే నెలలో వర్డ్‌ప్రెస్ 2.2 వచ్చింది. కొత్తది వచ్చిందంటే ఎక్కించాలి కదా అని ఎక్కించాను. అంతటితో ఆగకుండా, సెట్టింగులుండే ఫైలుని కూడా కొత్త నమూనా చూసి తిరగరాశాను. ఎలా వచ్చిందో చూడకుండానే, అంతకుముందు రోజు తాతయ్య చెప్పిన సంగతులు మూడు టపాలుగా టైపు చేసి వరసగా ఎక్కించాను. తర్వాత పేజీ తెరిచాను. పాత టపాల్లో తెలుగు లేదు. తల మీద గీత ఉన్న ఇంగ్లీషు ‘ఎ’లు, వాటి పక్కన డిగ్రీ గుర్తులు, ప్లస్-మైనస్ గుర్తులు. కొత్త మూడు టపాల్లో అవి కూడా లేవు. మొదటి నుంచి చివరిదాకా ప్రశ్నార్థకాలే.

అప్పట్లో తెలుగు బ్లాగర్ల గుంపొకటి ఉండేది. ఏడుపు మొహంతో అందులో ప్రశ్న రాసి, చీకటి పడుతుండగా ఆఖరి బస్సెక్కాను. మర్నాడు వెళ్ళేసరికి జవాబుంది. మనకి రాత్రయినప్పుడు పగలుండే ఏదో దేశం నుంచి రాశారు. మొహం తెలీదు, నా పేరు తప్ప ఆయనకీ నా గురించి ఏమీ తెలీదు. ఒక పేజీ నిండా, ఓపిగ్గా, తెలుగులో రాశారు. జబ్బు ఎందుకొచ్చింది, ఏ రెండు లైన్లు తీసెయ్యాలి, ఏం తిరిగొస్తుంది, ఏం రాదు. చివర్న ఒక మాట: పనిచేసిందో లేదో చెప్పండి, ఇదే ఇబ్బంది ఇంకొకరికి రావచ్చు.

రెండు లైన్లు తీసేశాను. పాత టపాలు తెలుగులో తిరిగొచ్చాయి. ఆ సంతోషంలో ఒక సినిమాకి కూడా వెళ్ళాను. పనిచేసిందని మాత్రం చెప్పలేదు.

ఈ వ్యాసం ఆ బాకీ గురించి. నా ఒక్కడి బాకీ అయితే ఇంత రాయక్కర్లేదు. తెలుగు జాలం మొత్తం ఇలాంటి జవాబుల మీద నిలబడింది. వాటిలో చాలావాటికి నాలాంటి వాళ్ళు రసీదు ఇవ్వలేదు.

లిపి లేని రోజుల్లో

ఆ జవాబు రాసినాయన ఉన్నట్టుండి ఊడిపడలేదు. ఆయన వెనక పదిహేనేళ్ళ అలవాటొకటి ఉంది.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. అంతకు ముందే, 1990ల మొదట్లో, అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న తెలుగు పిల్లలు యూజ్‌నెట్‌లో ‘సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు’ అన్న చర్చావేదికలో పోగయ్యారు. ముద్దుగా ‘స్కిట్’ అనుకునేవాళ్ళు. సినిమాలు, రాజకీయాలు, పద్యాలు, పోట్లాటలు అన్నీ ఉండేవి, తెలుగు లిపి తప్ప. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి. ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తే ‘కల’ ఏదో ‘కళ’ ఏదో తెలీదు, ‘పాట’కీ ‘పట’కీ తేడా ఉండదు.

ఆ చిక్కులోంచి పుట్టిందే ఆర్‌టీయస్. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం పేరే దానికొచ్చింది. కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అక్కడ చదువుకుంటూ చేసిన పని. ఏ తెలుగు అక్షరానికి ఏ ఇంగ్లీషు అక్షరాలు కొట్టాలో ఒక పద్ధతి పెట్టారు. దీర్ఘాలకీ, ళ-ణ లాంటి వాటికీ పెద్ద బడి అక్షరాలు వాడుకోవచ్చన్నారు. అలా రాసినదాన్ని తెలుగు లిపిలోకి మార్చే ‘రిట్’ అనే ప్రోగ్రామూ ఇచ్చారు. అదే కాలంలో ముక్కవిల్లి లక్ష్మణకుమార్, లక్ష్మి కలిసి తెలుగు అచ్చుకూర్పుకి ‘తెలుగుటెక్’ చేశారు. వీటికోసం ఎవరూ టెండర్లు పిలవలేదు, ఏ ప్రభుత్వమూ జీవో ఇవ్వలేదు. మాట్లాడుకోవాలనుకున్నవాళ్ళు, మాట్లాడుకోవడానికి ఏం కావాలో ఆ సంభాషణలోనే తేల్చుకున్నారు.

ఇవాళ ఫోనులో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకునే ప్రతి కుర్రాడి వేళ్ళలో ఆ చర్చల జ్ఞాపకం కొంత ఉంది. వాడికి రైస్ అంటే అన్నమనే తెలుసు. తెలియకపోయినా ఫరవాలేదు, అన్నం లాంటిదే.

ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంటు

1998లో అమెరికాలోని సాహిత్యాభిమానులు ‘ఈమాట’ మొదలుపెట్టారు. దాని చుట్టూ ‘రచ్చబండ’ అనే చర్చాబృందం ఉండేది. అంతకు ముందు నుంచీ ‘తెలుసా’ అనే బృందం ఉండేది. వీటి గురించి సాహిత్య చరిత్రలో రాసేవాళ్ళు కథల గురించీ, ఛందస్సు మీద జరిగిన చర్చల గురించీ రాస్తారు, రాయాల్సిందే. కానీ ఆ కథ చదవాలంటే ముందు అది తెర మీద కనబడాలి. అది కనబడటానికి పడ్డ పాట్లు ఏ సాహిత్య చరిత్రలోకీ ఎక్కవు.

అప్పట్లో తెలుగు దినపత్రికల సైట్లకి ఒక్కోదానికి ఒక్కో సొంత ఫాంటు. ఇంగ్లీషు అక్షరం ఉండాల్సిన గదిలో తెలుగు ముక్క బొమ్మని కూర్చోబెట్టేవారు. ఒక పత్రికలో ‘క’ ఉన్న గదిలో ఇంకో పత్రికలో ఇంకేదో ఉండేది. ఫాంటు దించుకుంటే తెలుగు, లేకపోతే చెత్త. ఒకచోట నుంచి ఇంకోచోటికి నాలుగు మాటలు ఎత్తి పెట్టుకోలేం, వెతుక్కోలేం. మన పేరు మనమే గూగుల్‌లో వెతుక్కుంటే దొరకదు, ఎందుకంటే కంప్యూటరు లెక్కలో అది తెలుగే కాదు.

యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. మన దేశపు ఇస్కీ ప్రమాణాన్ని పట్టుకుని 128 గదులు కేటాయించారు. అయితే ఊళ్ళో ఇళ్ళ స్థలం పట్టా చేతికొచ్చినంత మాత్రాన ఇల్లు లేచి నిలబడదు కదా. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. అయినా మా పేట నెట్ సెంటర్లో తెలుగు డబ్బాలుగానే కనబడేది. ఎందుకని?

ఎందుకంటే ఎక్స్‌పీలో ఒక చోట టిక్కు పెట్టాలి. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి, ప్రాంతమూ భాషలూ అనేదాంట్లో, భాషల పలక తెరిచి, సంక్లిష్ట లిపులకి కావాల్సిన ఫైళ్ళు ఎక్కించమని చెప్పాలి. అప్పుడది విండోస్ సీడీ అడుగుతుంది. మా సెంటర్ యజమాని దగ్గర సీడీ ఎక్కడిది? గుంటూరులో ఎవరో ఎక్కించి ఇచ్చిన మిషన్లవి. నేను ఒక గుంపులో అడిగితే, సీడీ మొత్తం అక్కర్లేదు, ఫలానా ఫోల్డరు చాలు అని ఎవరో చెప్పారు. గుంటూరులో చదువుకుంటున్న ఫ్రెండు దాన్ని ఒక సీడీ మీద కాపీ చేసి మాచర్ల పాసింజర్లో తెచ్చాడు. ఎనిమిది మిషన్లలో టిక్కు పెట్టేసరికి సాయంత్రమైంది. సెంటర్ అన్న సంతోషించి గంట ఊరికే కూర్చోనిచ్చాడు.

తెలుగు జాలం చరిత్ర రాస్తే ఈ టిక్కు ఒక అధ్యాయం కావాలని నా అభిప్రాయం. ఆ రోజుల్లో ప్రతి తెలుగు గుంపులోనూ కొత్తవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే. విసుక్కోకుండా ఎవరో ఒకరు మళ్ళీ మళ్ళీ చెప్పేవారు.

కూడలిలో నిలబడ్డవాళ్ళు

2003 డిసెంబరులో వెన్న నాగార్జున తెలుగు వికీపీడియాకి శ్రీకారం చుట్టారు. కొంతకాలం అది ఖాళీ కొట్టంలా ఉండి, 2005లో మనుషులు చేరాక పుంజుకుంది. అక్కడ సభ్యులు మాట్లాడుకునే చోటుకి పేరు మళ్ళీ ‘రచ్చబండే’. రాయి లేదు, వేపచెట్టు లేదు, పేరు మాత్రం ఊరిదే తెచ్చుకున్నాం. అదే నాగార్జున గారు ఫైర్‌ఫాక్స్ విహారిణికి ‘పద్మ’ అనే పొడిగింత చేశారు. పత్రికల సొంత ఫాంట్లలో ఉన్న సరుకుని అది అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. అంటే ఏ పత్రికా తన ఫాంటు మార్చుకోకముందే చదివేవాడి వైపు నుంచి పని జరిగిపోయింది.

2006లో వీవెన్ ‘లేఖిని’ పెట్టారు. ఒక పెట్టెలో ఆర్‌టీయస్ పద్ధతిలో కొడుతుంటే ఇంకో పెట్టెలో తెలుగు పడుతుంది, కాపీ చేసుకుని ఎక్కడైనా పెట్టుకోవచ్చు. దీని లోపల పద్మ కోడు ఉంది. ఒకరు కట్టిన గోడ మీద ఇంకొకరు కప్పు వేశారన్నమాట. రైస్‌లో పెట్టిన పద్ధతి పద్మలోకి, పద్మ లేఖినిలోకి, లేఖిని నుంచి పేటలో నా టపాలోకి. ఈ గొలుసులో ఎవరూ ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. బ్లాగుల్లో రోజూ ఏం రాస్తున్నారో ఒకచోట చూపించడానికి వీవెనే ‘కూడలి’ పెట్టారు. హైదరాబాదులో బ్లాగర్లు నెలనెలా కలుసుకునేవాళ్ళు. ఆ కలయికల్లోంచి ‘ఈ-తెలుగు’ అనే సంస్థ వచ్చింది. పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, వచ్చినవాళ్ళకి కంప్యూటర్లో తెలుగు ఎలా రాయాలో నిలబడి చూపించారు.

ఇదంతా తెలుగువాళ్ళ ప్రత్యేకత అని జబ్బలు చరుచుకోనక్కర్లేదు. సైట్లు కట్టే సరంజామా అంతా ప్రపంచంలో అలాగే పుట్టింది. ‘డ్రూపల్’ బెల్జియంలో విద్యార్థులు తమలో తాము కబుర్లు రాసుకోవడానికి పెట్టుకున్న చిన్న సందేశాల బోర్డు. డ్రీస్ బౌటార్ట్ దాన్ని 2001లో అందరికీ విడుదల చేశాడు. ‘జూమ్లా’ 2005లో ‘మాంబో’ నుంచి విడిపోయి వేరుకాపురం పెట్టినవాళ్ళ పని. ఇక వర్డ్‌ప్రెస్ సంగతైతే మరీ ముచ్చట. ‘బీ2’ అనే బ్లాగు ప్రోగ్రామ్‌ని చేసినవాడు దాన్ని పట్టించుకోవడం మానేశాడు. 2003 జనవరిలో మాట్ ముల్లెన్‌వెగ్ అనే పందొమ్మిదేళ్ళ కుర్రాడు, దీన్ని నేనే ముందుకు తీసుకెళ్తే ఎలా ఉంటుందని తన బ్లాగులో రాసుకున్నాడు. దాని కింద ఇంగ్లండు నుంచి మైక్ లిటిల్ అనే ఆయన, నిజంగా చేస్తానంటే నేనూ సాయం పడతానని ఒక వ్యాఖ్య రాశాడు. ఆ మే 27న వర్డ్‌ప్రెస్ వచ్చింది. ఇవాళ ప్రపంచంలోని సైట్లలో మూడో వంతుకి పైగా దాని మీదే నడుస్తున్నాయి. అన్నిటి మొదట్లో ఉన్నది ఒక ప్రశ్న, దాని కింద ఒక జవాబు.

చాప ఎంత వెడల్పు

పల్నాటివాణ్ణి కాబట్టి ఇక్కడ చాపకూడు గుర్తు రాక తప్పదు. మాచర్లలో బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని మా వైపు కథ. మాల కన్నమదాసుని కొడుకుగా చేసుకుని సేనానాయకుణ్ణి చేశాడనీ అదే కథ చెబుతుంది. ఇప్పటికీ కార్తీక మాసం చివర కారంపూడి వీరుల ఉత్సవాల్లో మందపోరు రోజున చాపకూడు పెడతారు. చిన్నప్పుడు ఒకసారి నాన్నతో వెళ్ళి తిన్నాను.

ఆన్‌లైన్ గుంపులని చాపకూడు అనాలని చాలాసార్లు అనిపించింది. అడిగినవాడి కులం, ఊరు, డిగ్రీ ఎవరూ అడగరు, ఆకలైతే వడ్డిస్తారు. కానీ ఆ పోలిక వెంటనే నోరు నొక్కేస్తుంది కూడా. చాప పరిచిన చోటికి రాగలిగినవాళ్ళెవరు? గంటకి 20 రూపాయలు పెట్టగలిగినవాళ్ళు, ఆ రోజుల్లో పల్నాడులో ఒక పూట కూలీలో అది పెద్ద భాగం. ఇంగ్లీషులో వచ్చే తప్పు సందేశాన్ని కనీసం కాపీ చేసి పెట్టగలిగినవాళ్ళు. గురజాల, మాచర్ల వైపు పల్లెల్లో ఫోను లైనే అపురూపం. మా నెట్ సెంటర్ గూళ్ళల్లో ఆడపిల్ల కూర్చోగా నేను చూసింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తెలుగు బ్లాగుల్లో రాసే ఆడవాళ్ళు తక్కువేమీ కాదు, ‘ప్రమదావనం’ అని సొంత గుంపు కూడా నడుపుకున్నారు. మా పేటలో ఆ వయసు అమ్మాయికి మాత్రం చాప దాకా దారి లేదు.

గుంపుల్లో మర్యాదలూ ఎప్పుడూ ఒకేలా ఉండేవి కావు. ‘ముందు వెతికి తర్వాత అడగండి’ అనేది న్యాయమైన మాటే. కానీ ఏ మాట పెట్టి వెతకాలో తెలీనివాడికి అది తలుపు మొహాన వేసినట్టే ఉంటుంది. పెద్ద పెద్ద ఇంగ్లీషు సహాయ వేదికల్లో ఒకటి రెండుసార్లు ఆ తలుపు నాకూ తగిలింది. తెలుగు గుంపులో తగల్లేదు. అక్కడ నా ప్రశ్నలో జబ్బు పేరు లేదు. ‘ప్రభలు పోయాయి, ప్రశ్నార్థకాలొచ్చాయి’ అని రాశాను. దాన్నుంచే ఆయన జబ్బు పట్టుకున్నాడు. సొంత భాషలో సాయం అంటే అనువాదం చేసిన మాన్యువల్ కాదు. తప్పుగా అడిగే హక్కు.

మాయమైన అద్దె ఇళ్ళు

ఇంత పని జరిగింది ఎక్కడ? ఎక్కువగా పరాయి వాళ్ళ ఇళ్ళల్లో. ఉచితంగా ఇచ్చారు, చేరిపోయాం. 1990ల్లో సొంత పేజీలు కట్టుకున్నవాళ్ళకి ఊరు లాంటి జియోసిటీస్ 2009లో మూతపడింది. ఎన్నో తెలుగు బృందాలు కాపురమున్న యాహూ గ్రూపుల్లోని పాత సందేశాలు 2019 డిసెంబరులో తీసేశారు, ఏడాది తిరిగేసరికి 2020 డిసెంబరు 15న గ్రూపులే ఆగిపోయాయి. గూగుల్ గ్రూపుల్లోకి యూజ్‌నెట్ కొత్త సందేశాలు రావడం 2024 ఫిబ్రవరితో ఆగింది. కొందరు ముందే మేలుకుని దాచుకున్నారు, కొన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. మిగతావి పోయాయి.

పనిముట్లు మిగిలాయి, వాటి పేర్లు మిగిలాయి. నేనిప్పుడు ఇక్కడ రాసిన పేర్లన్నీ పనిముట్లు చేసినవాళ్ళవే, గమనించారా? జవాబులు చెప్పినవాళ్ళ పేరు ఒక్కటీ రాయలేకపోయాను. రాత్రిళ్ళు కూర్చుని టిక్కు ఎక్కడ పెట్టాలో వందోసారి వివరించినవాళ్ళు, ఒకరి మొదటి పేజీ చూసి బాగుందని రాసినవాళ్ళు, ఎక్కడా లేరు. కోటప్పకొండ ప్రభ మీద ఊరి పేరుంటుంది, మోకులు పట్టుకున్నవాళ్ళ పేర్లు ఉండవు. మోకు వదిలితే ప్రభ ఏమవుతుందో అందరికీ తెలుసు.

ఇప్పుడు ప్రశ్నలు వాట్సాప్‌లోకీ, టెలిగ్రామ్‌లోకీ వెళ్ళాయి. జవాబు త్వరగానే వస్తుంది, కానీ బయటివాడికి కనబడదు, నెల తిరిగితే లోపలివాడికీ దొరకదు. ఇంకొంచెం చిన్నవాళ్ళు మనిషిని అడగడమే మానేసి యంత్రాన్ని అడుగుతున్నారు. తప్పనను, నేనూ అడుగుతాను. ఠక్కున చెబుతుంది, విసుక్కోదు. అది అంత బాగా చెప్పగలగడానికి కారణం ఇరవై ఏళ్ళపాటు మనుషులు ఒకరికొకరు బహిరంగంగా రాసుకున్న జవాబులు. ఇవాళ నలుగురూ చూసేచోట ఎవరూ అడక్కపోతే, రేపటి కొత్త జబ్బులకి మందు అది ఎక్కడ నేర్చుకుంటుంది? వంటవాళ్ళని పంపించేసి గిన్నెలో మిగిలింది తింటున్నట్టుంది వ్యవహారం.

రసీదు

2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఒక నియమం చూసి మొదట్లో నాకు కోపమొచ్చింది. ఉత్త ధన్యవాదాల కోసం వ్యాఖ్యలు రాయొద్దంటారు. ఇదేం మర్యాద అనుకున్నాను. కానీ అడిగినవాడు మాత్రం, పనిచేసిన జవాబు పక్కన ఆకుపచ్చ టిక్కు పెట్టొచ్చు. ఆలోచిస్తే అర్థమైంది. ‘థాంక్సండీ’ మర్యాద, ‘పనిచేసింది’ సమాచారం. జవాబు చెప్పినవాడు తనకి తోచింది చెబుతాడు, అది నిజమో కాదో తేల్చగలిగేది జబ్బు ఉన్నవాడే. వాడు ఆ మాట చెప్పకుండా వెళ్ళిపోతే జవాబు సగంలో ఆగిపోయినట్టు. తర్వాత వచ్చేవాడు ఆ సగం దగ్గర నిలబడి తల గోక్కుంటాడు.

నిలబడ్డాడు కూడా. 2011లో ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చాక, ఏదో వెతుకుతూ నా పాత ప్రశ్న దగ్గరికే చేరాను. కింద ఆ పెద్దాయన జవాబు. దాని కింద 2009లో ఇంకెవరో రాసిన ఒకే వాక్యం. తనకీ సరిగ్గా ఇదే జరిగింది, ఆ రెండు లైన్లు తీస్తే మీకు పనిచేసిందా, ఉన్నవి కూడా పోతాయేమోనని భయంగా ఉంది అని. అడిగింది నన్ను. రెండేళ్ళుగా జవాబు లేదు. తీరిగ్గా రాద్దాంలే అని ఆ పేజీ గుర్తు పెట్టుకున్నాను. తీరిక దొరికేసరికి ఆ గుంపు లేదు.

నా సైటూ ఇప్పుడు లేదు. మా తాతయ్య 2008లో పోయాడు. ప్రశ్నార్థకాలైపోయిన ఆ మూడు టపాల్లో, ఎడ్లు ఒక వాగు దగ్గర మొరాయించినప్పుడు ప్రభని రాత్రంతా మోకుల మీద నిలబెట్టిన సంగతి ఉంది. మళ్ళీ చెప్పించుకుని రాసుకుందాంలే అనుకున్నాను. ఎవరెవరు ఏ వైపు పట్టుకున్నారో పేర్లతో సహా చెప్పాడాయన. నాకిప్పుడు రెండు పేర్లు గుర్తున్నాయి.

ఆ జబ్బు ఇప్పుడెవరికీ రాకపోవచ్చు. అయినా ఎప్పుడో పాత బ్యాకప్ తెరిచిన వాడికి ఎదురైతే ఎదురవుతుంది, అందుకని రాసి పెడుతున్నాను. యూటీయఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరం మూడు ముక్కలుగా నిలవ ఉంటుంది, మొదటి ముక్క అన్నిటికీ ఒకటే. డేటాబేసు మైఎస్‌క్యూయల్ స్వీడన్‌లో పుట్టింది కాబట్టి, మనం వేరే చెప్పకపోతే అది స్వీడిష్ అక్షరక్రమం ఉన్న గూట్లో సరుకు పెట్టేది. 2018లో వచ్చిన 8.0 దాకా అంతే. మా ఊరి ప్రభ కథలన్నీ ఆ స్వీడిష్ గూట్లో పడుకున్నాయి. పెట్టేవాడూ తీసేవాడూ ఒకే లెక్కలో ఉన్నంతకాలం గొడవ లేదు. వర్డ్‌ప్రెస్ 2.2 నమూనా ఫైలులో అక్షరాల పద్ధతిని చెప్పే రెండు కొత్త లైన్లు చేరాయి, డీబీ-క్యారసెట్, డీబీ-కొలేట్ అని. నేను వాటిని పాత డేటాబేసుకి తగిలించాను. దాంతో ఆ మూడు ముక్కల్ని మూడు వేరువేరు యూరప్ అక్షరాలనుకుని చూపించింది. అందుకే ఎక్కడ చూసినా ఆ గీత ఉన్న ‘ఎ’. ఆ తర్వాత ఎక్కించిన కొత్త తెలుగుకి ఆ గూట్లో చోటు లేక ప్రశ్నార్థకాలు పెట్టింది.

ముందు డేటాబేసు మొత్తం ఒక కాపీ తీసి పెట్టుకోండి. తర్వాత ఆ రెండు లైన్లు తీసెయ్యండి. గీతల ‘ఎ’లుగా మారినవన్నీ తెలుగులో తిరిగొస్తాయి, భయం లేదు. ప్రశ్నార్థకాలైపోయినవి రావు. చెప్పినవాళ్ళు ఇంకా ఉంటే, వెంటనే వెళ్ళి మళ్ళీ చెప్పించుకోండి.

నాకు పనిచేసింది.